ఫైటర్ ముక్కులో ఉన్నదే... మీ ల్యాబ్ బెంచీ మీదా ఉంది!

రాడార్ కొలువంటే బెంగళూరు సైంటిస్టుల వ్యవహారం అనుకుంటున్నారా? నిజామాబాద్ నుంచి హైదరాబాద్ పోయే బస్సు రోజూ దాని పక్క నుంచే పోతోంది.

నిజామాబాద్ బస్టాండ్‌లో పొద్దున్నే హైదరాబాద్ బస్సు ఎక్కే ఇంజినీరింగ్ పిల్లల్ని ‘ఎక్కడికి పోతున్నరు’ అని అడిగితే ఎక్కువ మంది చెప్పే జవాబు ఒక్కటే: అమీర్‌పేట. బ్యాగులో జావా మెటీరియల్ ఉంటుంది. చదివిందేమో ఈసీఈ. నాలుగేళ్లు యాంటెన్నాలు, మైక్రోవేవ్, సిగ్నల్స్ చదివి, పట్టా చేతికొచ్చాక వాటన్నిటినీ అటక మీద పెట్టి ఇంకో చదువు మొదలుపెడతారు. ఇంట్లో వాళ్లదీ అదే మాట. ‘ఈసీఈ చేస్తే చేసినవ్ గని, సాఫ్ట్‌వేర్ నేర్చుకో బిడ్డా. దాంట్ల ఏం కొలువులున్నయ్?’

ఆ బస్సు డిచ్‌పల్లి, కామారెడ్డి, మేడ్చల్ దాటి బోయిన్‌పల్లి మీదుగా జూబ్లీ బస్ స్టేషన్ చేరుతుంది. బోయిన్‌పల్లి నుంచి నాలుగైదు కిలోమీటర్లు పక్కకు పోతే బాలానగర్. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్, అదే హెచ్‌ఏఎల్ వాళ్ల హైదరాబాద్ డివిజన్ 1965లో మొదలైంది ఇక్కడే. అది ఏవియానిక్స్ డివిజన్. అంటే విమానం రెక్కలు, ఇంజిన్లు కాదు, దాని కళ్లూ చెవులూ తయారయ్యే చోటు. మన దేశం సొంతంగా తేజస్ యుద్ధవిమానం కట్టాలనుకున్నప్పుడు దాని రాడార్ పని అప్పజెప్పింది రెండు చోట్లకు. ఒకటి బెంగళూరులోని డీఆర్‌డీఓ రాడార్ ల్యాబ్ ఎల్‌ఆర్‌డీఈ. రెండోది ఈ బాలానగర్.

బోధన్ పిల్లలకు ఈ సంగతి ఇంకా ఎక్కువ అవసరం. 1937లో నిజాం పాలనలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లూ ఫిట్టర్‌కైనా, ఎలక్ట్రీషియన్‌కైనా, డిప్లొమా పూర్తి చేసినవాళ్లకైనా సొంతూర్లోనే ఒక ఆశ ఉండేది. 2015 డిసెంబరులో అది మూతపడింది. చెరకు వేరే మిల్లులకు పోతోంది, పిల్లలు వేరే ఊళ్లకు పోతున్నారు. ఎట్లాగూ ఊరు దాటక తప్పనప్పుడు, చదివిన చదువునే పట్టుకుని పోయే దారి ఒకటుందని చెప్పడమే ఈ కథనం ఉద్దేశం. అది సులువైన దారి అని మాత్రం చెప్పబోవడం లేదు.

దుమ్ము పట్టిన ఆ బెంచీ

ఈసీఈ వాళ్లంతా మైక్రోవేవ్ ల్యాబ్ చూసే ఉంటారు. పొడుగాటి ఇత్తడి గొట్టాలు, చివర హారన్, పక్కన వీఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. రిఫ్లెక్స్ క్లైస్ట్రాన్ ఆన్ చేసి, రిపెల్లర్ వోల్టేజీ తిప్పి, రీడింగులు రికార్డులో రాసి, సంతకం పెట్టించుకుని బయటపడతారు. పాత రికార్డులోంచి ఎక్కించే వాళ్లూ ఉన్నారు, ఆ సంగతి మనకు తెలుసు.

ఆ బెంచీ పనిచేసేది ఎక్స్ బ్యాండ్‌లో. అంటే 8 నుంచి 12 గిగాహెర్ట్జ్ మధ్య. ఇప్పుడు ప్రపంచంలో ఎగురుతున్న ఫైటర్ల ముక్కులో ఉండే రాడార్లలో చాలా భాగం పనిచేసేదీ అదే బ్యాండ్‌లో. కారణం తేలికే. 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. ఫైటర్ ముక్కులో పట్టే యాంటెన్నా వ్యాసం 60 సెంటీమీటర్లు అనుకుందాం. తరంగం ఎంత పొట్టిదైతే, యాంటెన్నా ఎంత వెడల్పైతే, కిరణం అంత సన్నబడుతుంది. 3ని 60తో భాగిస్తే 0.05 రేడియన్లు, అంటే సుమారు 3 డిగ్రీలు. 100 కిలోమీటర్ల అవతల ఆ కిరణం వెడల్పు 5 కిలోమీటర్లు అవుతుంది. ఇంకా పెద్ద తరంగం వాడితే కిరణం ఊరంత పరుచుకుని విమానం ఏ మూల ఉందో తేలదు. ఇంకా చిన్నది వాడితే వాన, తేమ మింగేస్తాయి. రెండింటికీ మధ్య కుదిరిన రాజీ ఎక్స్ బ్యాండ్.

ఇక దూరం లెక్క. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 150 కిలోమీటర్లు. బస్సుకు నాలుగు గంటలు పట్టే ఆ దారి రాడార్ తరంగం పోయి తిరిగి రావడానికి ఒక మిల్లీ సెకను చాలు. పంపిన క్షణానికీ ప్రతిధ్వని వచ్చిన క్షణానికీ మధ్య కాలాన్ని కొలిస్తే దూరం తెలిసిపోతుంది. సూత్రం ఇంతే. కష్టమంతా వచ్చే ఆ ప్రతిధ్వని ఎంత బలహీనంగా ఉంటుందన్న దగ్గరే ఉంది.

తరంగం పోయేటప్పుడు పలచబడుతుంది, తగిలి వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ పలచబడుతుంది. అందుకే తిరిగొచ్చే బలం దూరపు నాలుగో ఘాతం చొప్పున పడిపోతుంది. అదే రాడార్‌తో రెట్టింపు దూరం చూడాలంటే పవర్ రెట్టింపు చేస్తే చాలదు, 16 రెట్లు చేయాలి. మీ రాడార్ సిస్టమ్స్ పాఠంలో రాడార్ సమీకరణం అని ఉండేది ఇదే. పరీక్షకు బట్టీపట్టిన ఆ ఒక్క లైను మీదే స్టెల్త్ విమానాల వ్యాపారం కూడా నడుస్తోంది. శత్రువుకు కనపడే పరిమాణాన్ని 16వ వంతుకు తగ్గించినా కనపడే దూరం సగమే తగ్గుతుంది. అందుకే స్టెల్త్ అంత ఖరీదు.

చెరకు తోట మీది పిట్ట

పైనుంచి కిందికి చూడడం ఫైటర్ రాడార్‌కు అన్నిటికన్నా పెద్ద పరీక్ష. మంజీర ఒడ్డు చెరకు తోటల మీద, చెట్ల ఎత్తులో ఒక శత్రు విమానం దూసుకొస్తోందనుకోండి. పది కిలోమీటర్ల పైనుంచి మన ఫైటర్ కిందికి తరంగం పంపితే విమానం నుంచి వచ్చే ప్రతిధ్వని చిటికెడు. నేల, చెరకు, ఇళ్లు, కాలువ గట్ల నుంచి వచ్చేది బండెడు. దీన్ని క్లట్టర్ అంటారు. ఆ బండెడు ఊకలోంచి ఒక్క గింజ ఏరాలి.

ఏరడానికి పనికొచ్చేది డాప్లర్. చెరకు లోడు ట్రాక్టర్ హారన్ కొడుతూ మన వైపు వస్తుంటే శబ్దం కీచుగా, మనల్ని దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే సంగతి. 10 గిగాహెర్ట్జ్ రాడార్ ముందు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ట్రాక్టర్ వస్తే ఫ్రీక్వెన్సీలో 667 హెర్ట్జ్ మార్పు వస్తుంది. సెకనుకు 300 మీటర్ల వేగంతో ఫైటర్ ఎదురొస్తే 20 కిలోహెర్ట్జ్. వేగాన్ని రెట్టింపు చేసి తరంగం పొడవుతో భాగించడమే, కావాలంటే ఇప్పుడే కాగితం మీద వేసి చూసుకోండి. వందల కోట్ల విలువైన విమానం వెతికే తేడా మన చెవికి వినపడే శబ్దాల పరిధిలోనే ఉంటుందన్నది నాకైతే ఎప్పుడూ తమాషాగానే ఉంటుంది.

అయితే మన విమానమూ కదులుతోంది కాబట్టి నేల కూడా కదులుతున్నట్టే కనిపిస్తుంది. ఆ వేగాన్ని లెక్కలోంచి తీసేయాలి. వేల పల్సుల ప్రతిధ్వనులను వరసగా పేర్చి, ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ వేసి, ఏ వేగం గదిలో ఎంత బలముందో చూడాలి. అవతలి పైలట్ తక్కువ తిన్నవాడేం కాదు. మీ రాడార్‌కు అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీలు తిరిగితే మీ వైపు అతని వేగం సున్నా అవుతుంది. అప్పుడు నేలలో కలిసిపోతాడు. చెరకులో దూరిన అడవి పంది లైటు పడగానే కదలకుండా నిలబడ్డట్టే. ఇదంతా డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్. అంటే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవాళ్లకూ ఇక్కడ పని ఉంది, కాకపోతే గణితం తెలిసిన సాఫ్ట్‌వేర్.

అడవి పందుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రాత్రి కావలికి పోయే రైతు చేతిలోని బ్యాటరీ లైటు వంద అడుగుల దూరం చూపిస్తుందేమో గానీ, ఆ లైటు వెలుగు మాత్రం కిలోమీటరు అవతలికీ కనిపిస్తుంది. రాడార్ కూడా అంతే. పోయి రావడానికి నాలుగో ఘాతం, పోవడానికి మాత్రం రెండో ఘాతమే. కాబట్టి మీరు శత్రువును చూడకముందే మీ రాడార్ మోత అతనికి తెలిసిపోతుంది. ఆ మోతను పసిగట్టే రిసీవర్లు, దాన్ని గందరగోళ పరిచే జామర్లు ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ కిందికి వస్తాయి. దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోని డీఎల్‌ఆర్‌ఎల్. ఈ సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకే చాలామందికి తెలియదు.

గట్టు మీద వరసగా నిలబడ్డ పిల్లలు

పాత రాడార్లలో యాంటెన్నా ప్లేటు మోటార్లతో అటూ ఇటూ తిరిగేది. ఇప్పుడొచ్చేవి ఏఈఎస్‌ఏ రాడార్లు. ఇందులో ప్లేటు కదలదు, కిరణమే కదులుతుంది. ఎట్లాగంటే...

చెరువు గట్టు పొడవునా పది మంది పిల్లలు కర్రలతో నిలబడ్డారనుకోండి. అందరూ ఒకేసారి నీళ్లను కొడితే అల నేరుగా ముందుకు పోతుంది. ఎడమ చివరివాడు ముందు కొట్టి, పక్కవాడు రవ్వంత ఆగి కొట్టి, ఇలా ఒకరి తర్వాత ఒకరు కొడితే అల కుడివైపు ఏటవాలుగా పోతుంది. ఎవరూ తిరగలేదు, అల మాత్రం తిరిగింది. ఆ ‘రవ్వంత’ ఎంతన్నదే అసలు ఇంజినీరింగ్. 10 గిగాహెర్ట్జ్ దగ్గర పక్కపక్క యాంటెన్నాల మధ్య ఎడం ఒకటిన్నర సెంటీమీటరు. కిరణాన్ని 30 డిగ్రీలు వంచాలంటే ఒకదానికీ పక్కదానికీ ఉండాల్సిన తేడా 25 పికో సెకన్లు. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో 25 ముక్కలు. ఫేజులో చెప్పాలంటే 90 డిగ్రీలు.

60 సెంటీమీటర్ల ప్లేటులో ఒకటిన్నర సెంటీమీటరు ఎడంతో పేర్చుకుంటూ పోతే వెయ్యికి పైగా యాంటెన్నాలు పడతాయి. ప్రతి దాని వెనకా ఒక టీఆర్ మాడ్యూల్. అందులో పంపే యాంప్లిఫయర్, వినే యాంప్లిఫయర్, ఫేజు మార్చే చిప్పు, రెంటి మధ్య స్విచ్చు. వీటిలో కొన్ని చెడిపోయినా రాడార్ గుడ్డిదైపోదు, చూపు కాస్త మందగిస్తుందంతే. ఒకే రాడార్ ఒకవైపు ఆకాశాన్ని గాలిస్తూనే ఇంకోవైపు నేలను ఫొటో తీసినట్టు చూడగలదు.

వీటి చిప్పులు మామూలు సిలికాన్‌తో కాదు, గాలియం ఆర్సెనైడ్‌తో వచ్చేవి. ఇప్పుడు గాలియం నైట్రైడ్ వైపు పోతున్నారు. గాలియం ఆర్సెనైడ్ చిప్పులు తయారుచేసే డీఆర్‌డీఓ కేంద్రం గేటెక్ ఉన్నది కూడా హైదరాబాద్‌లోనే, విజ్ఞానకంచలో. ఇచ్చిన కరెంటులో సగానికి పైగా వేడిగా మారిపోయేవి కాబట్టి ఆ వేడిని ద్రవంతో లాగి బయట పారేయాలి. అందుకే ఒక రాడార్ టీమ్‌లో మెకానికల్ వాళ్లు కూడా గట్టిగానే ఉంటారు. ఇక విమానం ముక్కు మీది తొడుగు, రాడోమ్. అది గాలి తాకిడికి, పిడుగుకు తట్టుకోవాలి, తరంగాలకు మాత్రం అద్దంలా దారివ్వాలి. తేజస్‌కు మొదట వాడిన కెవ్లార్ రాడోమ్ స్థానంలో క్వార్ట్జ్ రాడోమ్ పెట్టాకే రాడార్ చూపు పెరిగింది. అంటే లోపలి రాడార్ ఎంత గొప్పదైనా, బయటి టోపీ బాగోకపోతే లాభం లేదు.

బాలానగర్‌లో ఆగిన పని, మళ్లీ కదిలిన పని

తేజస్ 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. హెచ్‌ఏఎల్ హైదరాబాద్, ఎల్‌ఆర్‌డీఈ కలిసి 1990ల నుంచి చేస్తున్న మల్టీ మోడ్ రాడార్ మాత్రం అనుకున్న సమయానికి అందుకోలేకపోయింది. ముఖ్యంగా సిగ్నల్ ప్రాసెసర్ దగ్గర చిక్కులు వచ్చాయి. చివరికి ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్టా కంపెనీ సాయం తీసుకున్నారు. వాళ్ల ఈఎల్‌ఎం 2032 రాడార్‌తో మన యాంటెన్నా భాగాలను కలిపి తేజస్ మార్క్ 1లో పెట్టారు.

దీన్ని వైఫల్యం అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్లున్నారు. నేనైతే అట్లా అనను. తెచ్చుకున్న రాడార్‌ను మన విమానంలో ఇమిడ్చి, మన ఆయుధాలతో మాట్లాడించి, ఏళ్ల తరబడి ఎగరేసి కొలిచిన అనుభవం ఎక్కడికీ పోలేదు. తర్వాత ఎల్‌ఆర్‌డీఈ సొంతంగా ఏఈఎస్‌ఏ రాడార్ ‘ఉత్తమ్’ను తయారుచేసి తేజస్ మీద ఎగరేసి చూసింది. 2021లో 83 తేజస్ మార్క్ 1ఏ విమానాలకు, 2025 సెప్టెంబర్ 25న ఇంకో 97 విమానాలకు రక్షణ శాఖ హెచ్‌ఏఎల్‌తో ఒప్పందాలు చేసుకుంది. రెండోదాని విలువ 62,370 కోట్ల రూపాయలకు పైనే. అందులో ఉత్తమ్ రాడార్‌ను, స్వయం రక్షా కవచ్ అనే ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ వ్యవస్థను పెడతామని పేరు పెట్టి మరీ ప్రకటించారు. విమానం ఒక్కసారి కొంటే అయిపోయేది కాదు, ముప్ఫై నలభై ఏళ్లు వాడతారు. అన్నేళ్లూ రాడార్‌ను పరీక్షించేవాళ్లు, బాగుచేసేవాళ్లు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేవాళ్లు కావాలి. ఇవాళ ఇంటర్, డిప్లొమా చదివేవాళ్లకు పనికొచ్చే వార్త అదే.

ఇదే నగరంలో ఇంకో చోటు చూడండి. గాల్లోంచి గాల్లోకి వదిలే అస్త్ర క్షిపణిని తయారుచేసేది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్. 2022 మే 31న 2,971 కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది. ఆ క్షిపణి ముక్కులోనూ బుల్లి రాడార్ ఉంటుంది, దాన్ని సీకర్ అంటారు. సీకర్ల మీద పరిశోధనకు పేరున్న ల్యాబ్ రీసెర్చ్ సెంటర్ ఇమారత్. ఇక అస్త్ర పేరు విని గందరగోళపడొద్దు. అస్త్ర మైక్రోవేవ్ అని హైదరాబాద్‌లో 1991లో పుట్టిన ప్రైవేటు కంపెనీ వేరే ఉంది. టీఆర్ మాడ్యూళ్లు, రాడార్ సబ్ సిస్టమ్‌లు దాని పని. ఇంటర్వ్యూకు పోయి ‘మీరు క్షిపణి చేస్తారు కదా సార్’ అంటే వాళ్లు నవ్వి ఊరుకుంటారో లేదో చెప్పలేం. వీటితోపాటు నాచారంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఉంది, చుట్టూ రక్షణ ఎలక్ట్రానిక్స్ చేసే చిన్న, మధ్య తరహా కంపెనీలున్నాయి. పెద్ద సంస్థల ప్రకటనలే చూస్తూ వీటిని వదిలేయడం మన పిల్లలు తరచూ చేసే పొరపాటు. మొదటి రెండేళ్ల అనుభవం ఎక్కువగా దొరికేది చిన్న కంపెనీల్లోనే. కొలత పరికరం చేతికిచ్చేదీ అక్కడే.

ఎవరికి ఏ తలుపు?

బీటెక్ వాళ్లకు అన్నిటికన్నా గౌరవమైన తలుపు డీఆర్‌డీఓ సైంటిస్ట్ ‘బి’. గేట్ స్కోరుతో పిలిచి ఇంటర్వ్యూ చేస్తారు. ఇటీవలి నోటిఫికేషన్లలో తుది ఎంపికకు గేట్ మార్కులకే పెద్ద వాటా ఇచ్చారు. మూల వేతనం 56,100 రూపాయలతో మొదలు. భారత్ ఎలక్ట్రానిక్స్ ప్రొబేషనరీ ఇంజినీర్లకు సొంతంగా రాత పరీక్ష పెడుతుంది, మూల వేతనం 40,000. ఒప్పందం మీద తీసుకునే ట్రెయినీ ఇంజినీర్, ప్రాజెక్ట్ ఇంజినీర్ పోస్టులకు ఆ సంస్థ విడిగా ప్రకటనలు ఇస్తుంటుంది. అవి పర్మనెంట్ కావు, కానీ రెజ్యూమెలో బరువుంటుంది.

గిరిరాజ్ కాలేజీలోనో, ఇంకెక్కడో బీఎస్సీ ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లు ఇది తమది కాదనుకుని పేజీ తిప్పేయొద్దు. డీఆర్‌డీఓలో సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులకు బీఎస్సీ వాళ్లు, పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లు అర్హులే. సెప్టామ్ అనే విభాగం పరీక్ష పెడుతుంది. మూల వేతనం 35,400. ఐటీఐ వాళ్లకు టెక్నీషియన్ పోస్టులు, 19,900తో మొదలు. ప్రతి ఏడాదీ రావు, వచ్చినప్పుడు పోటీ విపరీతం.

అప్రెంటిస్‌షిప్ మాత్రం ఏటా ఉండేది. బాలానగర్ హెచ్‌ఏఎల్ ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఎలక్ట్రానిక్ మెకానిక్, ఫిట్టర్, మెషినిస్ట్ ట్రేడ్‌ల వాళ్లు ఆ ప్రకటనల మీద కన్నేసి ఉంచాలి. ముందే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టళ్లలో పేరు నమోదు చేసుకోకపోతే ఇంటర్వ్యూ రోజున గేటు దగ్గర నుంచే వెనక్కి రావాల్సి ఉంటుంది. ఏడాది తర్వాత ఉద్యోగం ఇస్తామని ఎవరూ రాసివ్వరు. ఆ స్టైపెండ్‌తో హైదరాబాద్‌లో గది అద్దె, తిండి వెళ్లదీయడం కష్టమే, చుట్టాలింట్లో తలదాచుకునే వీలుంటే వేరు. కానీ సోల్డరింగ్, కేబుల్ హార్నెస్, టెస్ట్ జిగ్ లాంటి పనులు ఏవియానిక్స్ ప్రమాణాలతో చేసిన చెయ్యి వేరుగా ఉంటుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు రెండు ప్రశ్నల్లో అది పట్టేస్తారు.

రాడార్‌ను కట్టడం కాదు, వాడేవాళ్ల పక్కన ఉండాలనుకుంటే వాయుసేన ఉంది. ఇంజినీరింగ్ వాళ్లకు ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ద్వారా ఏరోనాటికల్ ఇంజినీర్ ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. వయసు 20 నుంచి 26 మధ్య. శిక్షణ మన దుండిగల్ అకాడమీలో, తర్వాత బెంగళూరులో. రన్‌వే పక్కన హ్యాంగర్‌లో రాడార్ మొరాయిస్తే, తెల్లారేలోపు విమానం సిద్ధం కావాల్సిందే అన్న ఒత్తిడిలో పని చేసే కొలువు అది. ఆడపిల్లలకూ తలుపు తెరిచే ఉంది.

ఎంటెక్ ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. ఉస్మానియాలో మైక్రోవేవ్ అండ్ రాడార్ ఇంజినీరింగ్, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో రాడార్ అండ్ మైక్రోవేవ్ ఇంజినీరింగ్ అని పేరులోనే రాడార్ ఉన్న కోర్సులున్నాయి. సీటు కోసం ఎక్కడో దూరం పోయేముందు వీటిని చూడండి.

ఇంట్లో అడిగే ప్రశ్న

‘సాఫ్ట్‌వేర్ల పడితే ఆర్నెల్లల్ల జీతం. దీనికి రెండేండ్లు గేట్ కోచింగ్ అంటవ్, రాకపోతే?’ అని నాన్న అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం, ఫలితాలు ఇంకా ఆలస్యం. ఇంటి అప్పు నెత్తి మీదున్న పిల్లవాడికి రెండేళ్లు ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి ఒక్క తలుపు ముందే కూర్చోకండి. సిగ్నల్ ప్రాసెసింగ్, సీ, పైథాన్, ఎఫ్‌పీజీఏ నేర్చుకున్నవాళ్లకు టెలికాం, కార్ల కంపెనీల్లోనూ పని దొరుకుతుంది. కొత్త కార్ల బంపర్ వెనక ఉండేదీ రాడారే, 77 గిగాహెర్ట్జ్‌ది. రక్షణ రంగం చెయ్యిచ్చినా చదివింది వృథా కాదన్నమాట.

డబ్బులు కడితే డీఆర్‌డీఓలోనో, హెచ్‌ఏఎల్‌లోనో పెట్టిస్తామని వచ్చేవాళ్లను ఇంటి గడప తొక్కనీయొద్దు. ఈ సంస్థల్లో పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి, దొంగదారిలో వస్తే మొదటికే మోసం. ఇంకో చిన్న సంగతి. చేరిన రోజే గేటు ముందు సెల్ఫీ, మెడలో ఐడీ కార్డుతో రీలు పెట్టే అలవాటుంటే దాన్ని అమీర్‌పేటలోనే వదిలేసి వెళ్లండి.

హాస్టల్ గదిలో మొదలుపెట్టండి

ఇంటర్వ్యూ బోర్డు ‘ఏం ప్రాజెక్ట్ చేశావు’ అని అడిగినప్పుడు కొన్న ప్రాజెక్ట్ రెండో ప్రశ్నకే బయటపడుతుంది. దానికి కట్టే వేల రూపాయల బదులు కొన్ని వందలు పెట్టి హెచ్‌బీ100 అనే చిన్న బోర్డు కొనండి. అది 10.525 గిగాహెర్ట్జ్ డాప్లర్ రాడార్. అవును, ఎక్స్ బ్యాండే, ఫైటర్ బ్యాండే. దాని నుంచి వచ్చే సిగ్నల్ బలహీనం. ఒక ఆప్ ఆంప్‌తో పెంచి, ల్యాప్‌టాప్ మైకు జాక్‌కు ఇచ్చి, పైథాన్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ వేయండి. స్నేహితుణ్ని వరండాలో సెకనుకు మీటరు వేగంతో మీ వైపు నడవమనండి. 70 హెర్ట్జ్ దగ్గర శిఖరం లేస్తుంది. పరిగెత్తమంటే పక్కకు జరుగుతుంది. సీలింగ్ ఫ్యాన్ వైపు తిప్పితే ఏమొస్తుందో నేను చెప్పను, చూసి ఎందుకట్లా వచ్చిందో మీరే లెక్క తేల్చండి. ఆ లెక్క బోర్డు ముందు చెప్పగలిగితే చాలు.

దూరం కూడా కొలవాలన్న పట్టుదల ఉంటే అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2011లో కాఫీ డబ్బాలనే యాంటెన్నాలుగా చేసి రాడార్ కట్టే కోర్సును అందరికీ ఉచితంగా పెట్టారు. మన దగ్గర ఏ కిరాణా కొట్టులోనైనా తగిన రేకు డబ్బా దొరుకుతుంది, వ్యాసం కొలిచి తెచ్చుకోండి. పాఠాలకు ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ రాడార్ కోర్సు ఉంది. పుస్తకం ఒక్కటే కొనాలంటే స్కోల్నిక్. మీ కాలేజీ లైబ్రరీలో ఎవరూ తెరవని కాపీ ఉండే ఉంటుంది. ఎలెక్టివ్ ఎంచుకునే సెమిస్టర్ వచ్చినప్పుడు, మార్కులు సులువని అందరూ ఇంకో పేపర్ వైపు పోతుంటే, రాడార్ సిస్టమ్స్ తీసుకునే పదిమందిని ముందే కూడగట్టుకోండి. సరిపడా పిల్లలు లేరని ఆ పేపరే ఎత్తేస్తారు.

గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఏఎఫ్‌క్యాట్ ఏడాదికి రెండుసార్లు, నోటిఫికేషన్లు ఎక్కువగా డిసెంబర్‌లో, జూన్‌లో వస్తాయి. మూడో ఏడాది వేసవిలో ల్యాబుల్లో ప్రాజెక్ట్ చేయాలనుకుంటే దరఖాస్తు మీ ప్రిన్సిపల్ సంతకంతో కాలేజీ ద్వారా పోవాలి, కాబట్టి సంక్రాంతి సెలవుల నుంచి రాగానే ఆ లెటర్ పని మొదలుపెట్టండి.